బొమ్మలో మనుషులేరీ?

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో ఆ మధ్య ఒక చిన్న చిత్రకళా ప్రదర్శన జరిగింది. గోడలకు తగిలించిన ముప్పై నలభై బొమ్మల్లో ఒకటి నన్ను చాలాసేపు నిలబెట్టింది. వేసినవాడు పాతికేళ్లు దాటని కుర్రవాడు. అతని ఊరు పోలవరం ముంపులో పోయింది. బొమ్మ నిండా వరద నీళ్లు. వెనుక కొండలు. నీళ్ల మధ్య ఒక చింతచెట్టు తల, ఒక కరెంటు స్తంభం, స్తంభానికి ఇంకా వేలాడుతున్న తెగిన తీగ, దూరంగా ఒక పెంకుటింటి నడికొప్పు. పైన సాయంకాలపు వెలుగు. మనిషి లేడు, పడవ లేదు, కాకి కూడా లేదు.

ఆ బొమ్మ ముందు నేను రెండు అభిప్రాయాలు విన్నాను. ఒక పెద్దమనిషి సతీసమేతంగా వచ్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, "ఎంత ప్రశాంతంగా ఉందో! మన హాల్లోకి బాగుంటుంది" అన్నాడు. వెల కూడా అడిగాడు. ఆయన వెళ్లిన కొంతసేపటికి, అభ్యుదయ సాహిత్యోద్యమంలో తల నెరిసిన మిత్రుడొకాయన వచ్చాడు. ఆయనా రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. "చెయ్యి బాగానే తిరిగిందోయ్ నీకు. కానీ మనుషులేరీ? ప్రజలు లేని ప్రకృతి మనకెందుకు?" అని కుర్రవాడి భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఏడాది తర్వాత మరో ఊళ్లో మరో ప్రదర్శన. అవే నీళ్లు, అదే చింతచెట్టు. కానీ ఈసారి నీళ్ల ముందు పదిమంది మనుషులు నిలబడి ఉన్నారు. అందరి పిడికిళ్లూ పైకి లేచి ఉన్నాయి. అందరి ముఖాలూ ఒక్కటే ముఖం. నడికొప్పు ఉండవలసిన చోట ఒకని మోచెయ్యి అడ్డం వచ్చింది. కుర్రవాడు నా వైపు ఆశగా చూశాడు. మిత్రుడి సలహా పాటించాడు గదా, మెచ్చుకుంటారనుకున్నాడు పాపం.

మంచి బొమ్మ ఒకటి పోయి చెడ్డ బొమ్మ ఒకటి వచ్చింది. పోగొట్టినది మన విమర్శ. ఈ వ్యాసం రాయటానికి కారణం అదే.

పెద్దమనిషి అభిప్రాయమూ మిత్రుడి అభిప్రాయమూ ఉత్తర దక్షిణ ధ్రువాలని ఎవరైనా అనుకోవచ్చు. ఒకాయన శుద్ధ సౌందర్యవాది. రెండో ఆయన సామాజిక ప్రయోజనం కోరేవాడు. కానీ నా దృష్టిలో ఆ రెండూ ఒకే అభిప్రాయం. ప్రకృతి ఒకటి, మనిషి మరొకటి అనే నమ్మకం ఇద్దరిదీ. మనిషి కనపడలేదు కాబట్టి ఆ బొమ్మలో మనిషి లేడని ఇద్దరూ తీర్మానించారు. లేనందుకు ఒకాయన సంతోషించాడు, ఇంకొకాయన విచారించాడు. తేడా అంతవరకే.

ఈ నమ్మకం తప్పని చెప్పటానికి నేను సిద్ధాంత గ్రంథాలు తిరగవెయ్యను. ఒక చిత్రకారుణ్ణి సాక్ష్యానికి పిలుస్తాను. అతని బొమ్మల్లో మనుషులు బహు అరుదు. అయినా అతని దేశంలో అతని తరం మనుషుల గుండెకోత అతని బొమ్మల్లో కనిపించినంతగా బహుకొద్దిమంది బొమ్మల్లోనే కనిపిస్తుంది. అతను రష్యన్ ప్రకృతి చిత్రకారుడు ఐజాక్ లెవితాన్.

* * *

లెవితాన్ దగ్గరికి వెళ్లే ముందు మన ఇంటి సంగతి కొంచెం చూసుకోవాలి. "మనుషులేరీ?" అనే ప్రశ్న మిత్రుడికి ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి చరిత్ర ఉంది. ఆ చరిత్ర గౌరవించదగ్గది కూడా.

మన ప్రబంధకవులకు అష్టాదశ వర్ణనలు ఒక నియమం. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం అన్నీ వరుసగా రావాలి. కథకు అవసరమున్నా లేకపోయినా చంద్రుడు ఉదయించి తీరవలసిందే. పెళ్లివారి జాబితాలో పసుపు కుంకుమల్లాగా కావ్యంలో కొండా కోనా ఉండేవి. తర్వాత భావకవులు వచ్చారు. వాళ్లు ప్రకృతిని జాబితా నుంచి విడిపించారు. అది చిన్న పని కాదు. కానీ వాళ్లలో చాలామంది చేతుల్లో ప్రకృతి ఒక శరణాలయం అయింది. లోకం మీద అలిగినవాడు వెళ్లి తల దాచుకునే చోటు అయింది. బయట కరువూ అప్పులూ జైళ్లూ ఉండగా కవి వెన్నెల్లో కూర్చుని తన ఒంటరితనాన్ని తనే ముద్దు చేసుకున్నాడు. దీనిని పలాయనం అని అభ్యుదయ విమర్శకులు నిర్మొహమాటంగా అన్నారు. అనవలసినదే అన్నారు.

అయితే న్యాయమైన యుద్ధం గెలిచిన తర్వాత కూడా కత్తి ఒరలో పెట్టనివాడు ఇంట్లో తీగల్ని నరుకుతాడు. ఒకప్పుడు ఒక కవిని చదివి, తర్కించి, నిరూపించి వేసిన పలాయనం అనే ముద్ర, క్రమంగా చదవకుండానే వేసే ముద్ర అయింది. చెట్టు కనపడి మనిషి కనపడకపోతే చాలు, ముద్ర పడుతుంది. ముద్ర వెయ్యటం చూడటం కంటే తేలిక. చెయ్యి ఆడితే చాలు, కన్ను అక్కర్లేదు.

మన చిత్రకారుల్లో దామెర్ల రామారావు (1897–1925) రాజమండ్రిలో పుట్టి, గోదావరినీ తూర్పు కనుమలనూ బొమ్మకట్టాడు. 27 ఏళ్లకే పోయాడు. అతని తర్వాత వందేళ్లు గడిచాయి. ఈ వందేళ్లలో మన ప్రకృతి చిత్రాన్ని గురించి మన ప్రగతిశీల విమర్శ ఎన్ని పేజీలు రాసిందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. రాయనిది ఎందుకంటే, అందులో మనిషి లేడు, మనకు పనిలేదు అనుకున్నాం.

* * *

ఇక లెవితాన్.

1860లో రష్యన్ సామ్రాజ్యపు పశ్చిమపు అంచున, నేటి లిథువేనియాలో, ఒక పేద యూదు కుటుంబంలో పుట్టాడు. 1873లో మాస్కో చిత్రకళాశాలలో చేరాడు. 1875లో తల్లి, 1877లో తండ్రి పోయారు. జీతం కట్టలేని పేదరికం చూసి కళాశాల ఫీజు మాఫీ చేసింది. అక్కడ అతనికి గురువు సవ్రాసోవ్. మురికి మంచూ, వంకర బర్చి చెట్లూ, వాటి మీద గూళ్లు కట్టుకునే కాకుల లాంటి పక్షులూ గీసి 1871లో రష్యన్ ప్రకృతి చిత్రాన్ని ఒక మలుపు తిప్పినవాడు. ఇటలీ కొండలు కాదు, ఈ ఊరి పొలిమేర చూడండి అని చెప్పినవాడు.

1879లో జార్ మీద ఒక విప్లవకారుడు కాల్పులు జరిపాడు. జార్ బతికాడు. కాల్చినవాడు యూదుడు కాడు. అయినా మాస్కోలో యూదులు నివసించరాదని ఉత్తర్వు పడింది. పద్దెనిమిదేళ్ల లెవితాన్ తోబుట్టువులతో కలిసి ఊరి బయట సల్తికోవ్కా అనేచోట తల దాచుకున్నాడు. ఆ ఏడాదే అతను వేసిన బొమ్మ "శరద్దినం. సొకోల్నికి". మబ్బు పట్టిన ఆకాశం, రెండు వైపులా పొడుగాటి పైన్ చెట్లు, మధ్యన బాట, బాట అంచుల్లో రాలిన ఆకులు. బాట మీద నల్లబట్టలు కట్టుకున్న ఒక స్త్రీ ఒంటరిగా మన వైపు నడిచి వస్తున్నది. ప్రసిద్ధ కళా సంగ్రాహకుడు త్రెత్యకోవ్ 1880లో దాన్ని 100 రూబుళ్లకు కొన్నాడు. లెవితాన్ పేరు అక్కడ మొదలయింది.

మన మిత్రుడు ఈ బొమ్మ చూస్తే సంతోషిస్తాడు. "ఇదిగో, మనిషి ఉన్నది" అంటాడు. కానీ ఆ స్త్రీని వేసినది లెవితాన్ కాదు. అతని సహాధ్యాయి నికొలాయ్ చెహోవ్ వేశాడు. మన పాఠకులకు చిరపరిచితుడైన కథకుడు అంతోన్ చెహోవ్‌కు ఇతను అన్న. ఆ స్త్రీ బొమ్మను పాడు చేసిందని నేను అనను. కానీ ఆమెను వేలితో కప్పి చూడండి. ఒంటరితనం ఎక్కడికీ పోదు. అది చెట్ల ఎత్తులో ఉన్నది, బాట వంపులో ఉన్నది, ఊరికి దూరమయినవాడి కంటిలో ఉన్నది. నికొలాయ్ చేసినది లెవితాన్ అప్పటికే చెప్పిన మాటను మళ్లీ ఒకసారి చెప్పటం మాత్రమే. తర్వాతి కాలంలో లెవితాన్ తన పెద్ద బొమ్మల్లో మనుషుల్ని దాదాపు పెట్టనే లేదు.

* * *

1892లో అతను వేసిన "వ్లదీమిర్కా" అనే బొమ్మ దగ్గర కాస్త ఆగుదాం. నా వాదం దీని మీదే ఆధారపడి ఉన్నది.

బొమ్మలో ఉన్నది ఒక రోడ్డు. అంతే. అడుగున వెడల్పుగా మొదలయి, మెట్టభూమి మధ్యగా సాగి సాగి, దూరాన సన్నబడి, ఆకాశం అంచులో కలిసిపోతుంది. పైన బూడిదరంగు మబ్బులు. రోడ్డు పక్కన ఒక చిన్న దారి గుడి స్తంభం, దాని దగ్గర మూట కట్టుకున్న ఒక బాటసారి. వేలెడు కూడా లేని ఆకారం. బహుదూరాన తెల్లగా ఒక చర్చి. ఇంతే సరుకు.

ఈ రోడ్డు మాస్కో నుంచి తూర్పుగా వ్లదీమిర్ నగరానికి పోయే రాజమార్గం. సైబీరియాకు శిక్షపడినవారిని కాళ్లకు సంకెళ్లు వేసి తరతరాలుగా నడిపించిన దారి అది. ఆ పేరు చెబితే రష్యన్ తల్లులు కన్నీళ్లు పెట్టుకునేవారు. మనకు అండమాన్ అన్న మాట ఎలాంటిదో వాళ్లకు వ్లదీమిర్కా అలాంటిది.

ఆ వేసవిలో లెవితాన్ వ్లదీమిర్ రాష్ట్రంలో ఒక పల్లెలో ఉన్నాడు. వేట నుంచి తిరిగి వస్తూ, వెంట ఉన్న చిత్రకారిణి కువ్షిన్నికోవాతో కలిసి ఈ రోడ్డు పక్కన అలసట తీర్చుకోవటానికి కూర్చున్నాడు. తర్వాత ఆమె తన జ్ఞాపకాలలో ఈ సంగతి రాసింది. సాయంకాలం, పాలిపోయిన రోడ్డు, దూరాన అడవి, నడిచిపోతున్న బాటసారులు. మొదట అదంతా వాళ్లకు ఎంతో హాయిగా తోచిందట. ఉన్నట్టుండి లెవితాన్‌కు గుర్తుకు వచ్చింది: ఇది వ్లదీమిర్కా గదా! ఆ క్షణంలో దృశ్యం మారిపోయింది. ఏ చెట్టూ కదలలేదు, ఏ మబ్బూ మారలేదు. చూసేవాడిలో చరిత్ర మేలుకొన్నది. అంతే.

ప్రదర్శనలో మన పెద్దమనిషి చూసింది ఆ మొదటి క్షణాన్ని మాత్రమే. "ఎంత ప్రశాంతంగా ఉందో!" అని. రెండో క్షణం ఆయనకు రాలేదు, ఎందుకంటే ఆ నీళ్ల కింద ఎవరి ఊరుందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

మన మిత్రుడికి కూడా ఈ బొమ్మ చూపిద్దాం. "బాగుంది. కానీ సంకెళ్లు ఏవీ? ఖైదీలేరీ?" అంటాడు. దానికి జవాబు చరిత్రలోనే ఉన్నది. మాస్కో నుంచి నీజ్నీ నొవ్‌గొరద్‌కు 1862లో రైలు పడింది. ఆ తర్వాత ఖైదీలను రైళ్ల మీదా పడవల మీదా తరలించసాగారు. 1892 నాటికి ఆ రోడ్డు మీద సంకెళ్ల చప్పుడు ఆగిపోయి ఎంతో కాలమయింది. శిక్షలు ఆగలేదు, వాటి చప్పుడు మాత్రం జనం చెవిన పడకుండా పోయింది. లెవితాన్ అక్కడ ఖైదీల గుంపును వేసి ఉంటే మిత్రుడు సంతోషించేవాడు గానీ అది అబద్ధం అయ్యేది. వాస్తవికతను కోరే విమర్శ వాస్తవం కానిదాన్ని వెయ్యమని అడగటం ఎంత విచిత్రం!

లెవితాన్ ఏం వేశాడు? రోడ్డు పక్కన, రోడ్డుకు సమాంతరంగా పోయే కాలిబాటలు వేశాడు. బండ్లు నడిచేది నడిరోడ్డు. ఈ పక్కబాటలు పాదాలు తొక్కగా పడినవి. గడ్డి మొలవని ఆ గీతలు చూడండి. ఎన్ని వేల జతల కాళ్లు, ఎన్ని సంవత్సరాలు నడిస్తే నేల ఇలా అరుగుతుంది? మనిషి లేడంటున్నారా? ఆ నేల నిండా మనుషులే.

* * *

ఇక్కడ ఒక పోలిక అవసరం. వలేరీ యాకోబీ అనే రష్యన్ చిత్రకారుడు 1861లో "ఖైదీల మజిలీ" అనే బొమ్మ వేశాడు. అందులో అంతా మనుషులే. బండి మీద ఒక ఖైదీ చచ్చిపడి ఉన్నాడు. అధికారి ఒకడు చచ్చాడో లేదో చూడటానికి అతని కనురెప్ప ఎత్తి చూస్తున్నాడు. చుట్టూ సంకెళ్ల మనుషులు. బలమైన బొమ్మ. చూస్తే కడుపు రగులుతుంది. ఇలాంటివి వద్దని నేను అనను. ఇవి లేకపోతే చిత్రకళ చచ్చిపోతుంది.

అయితే యాకోబీ బొమ్మలో మనం ఒక గుంపును చూస్తాం, ఒక మజిలీని చూస్తాం. ఆ అధికారిని అసహ్యించుకుంటాం. అతనికి బదులు మంచి అధికారి ఉంటే బాగుండేదన్న ఆలోచన కూడా రావచ్చు. లెవితాన్ బొమ్మ ముందు ఆ ఊరట దొరకదు. అక్కడ తిట్టటానికి ఒక మనిషి లేడు. రోడ్డు ఉన్నది. రోడ్డు దానంతట అది పుట్టదు. ఎవరో కొలిచారు, ఎవరో వేశారు, ప్రభుత్వం బాగుచేయిస్తూ వచ్చింది. ఒక మనిషి క్రూరత్వాన్ని చూపటానికి ఒక మనిషి ముఖం చాలు. ఒక వ్యవస్థ క్రూరత్వాన్ని చూపటానికి కొన్నిసార్లు ముఖాలన్నీ తీసివేసి, ఆ వ్యవస్థ నేల మీద గీసిన గీతను చూపవలసి వస్తుంది. సమాజాన్ని వ్యక్తుల మంచిచెడ్డలుగా గాక వ్యవస్థగా చూడండి అని నిత్యం బోధించేవాళ్లం మనం. అలా చూసి వేసిన బొమ్మను చూసి "వ్యక్తులేరీ?" అని అడుగుతున్నాం!

ఆ బొమ్మ వేసిన ఏడాది వేసినవాడికేమయిందో కూడా చెప్పాలి. 1891లో యూదులను మాస్కో నుంచి వెళ్లగొట్టమని మళ్లీ ఉత్తర్వు పడింది. వేలాది కుటుంబాలు రోడ్డున పడ్డాయి. 1892లో ఆ ఉత్తర్వు లెవితాన్ దాకా వచ్చింది. అప్పటికతను దేశమంతా ఎరిగిన చిత్రకారుడు. అయినా మాస్కో విడిచి పోవలసి వచ్చింది. పలుకుబడి గల మిత్రులు పూనుకుంటే గాని ఆ ఏడాది చివరకు తిరిగి రాలేకపోయాడు. రష్యన్ నేలను అంత ప్రేమించి వేసినవాడికి ఆ నేల మీద నిలబడే హక్కు లేదన్నారు. ప్రకృతితో మనిషికి గల సంబంధం ఒక మధురానుభూతి అని ఉపన్యసించేవారు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. నేలకూ మనిషికీ మధ్య ఎప్పుడూ ఒక కాగితం ఉంటుంది. పట్టా కావచ్చు, ఉత్తర్వు కావచ్చు. "వ్లదీమిర్కా"ను లెవితాన్ 1894లో త్రెత్యకోవ్‌కు ఉచితంగా ఇచ్చేశాడు. దాన్ని అమ్ముకోలేదు.

* * *

శుద్ధ సౌందర్యవాదులు ఇంతటితో ఊరుకోరని నాకు తెలుసు. "ఒక్క బొమ్మ పట్టుకుని వాదిస్తున్నావు. లెవితాన్ 'మార్చి' వేశాడు, 'బంగారు శరత్తు' వేశాడు. వాటిలో ఏ రాజమార్గం ఉంది?" అంటారు. లెవితాన్ 1891లో సంచార చిత్రకారుల సంఘంలో సభ్యుడయ్యాడు. సామాజిక వాస్తవికతకు ఆ సంఘం పెట్టింది పేరు. 1898లో ద్యాగిలెవ్ ఏర్పాటు చేసిన ప్రదర్శనలోనూ తన బొమ్మలు పెట్టాడు. సౌందర్యమే పరమావధి అన్నవారి కూటమి అది. కాబట్టి ఇద్దరూ అతన్ని తమవాడనే అన్నారు. 1900లో, నలభై నిండకుండానే, గుండెజబ్బుతో పోయాడు గనుక తాను ఎవరివాడో చెప్పుకునే తీరిక కూడా అతనికి దొరకలేదు.

లెవితాన్ విప్లవకారుడు కాడు. నేను అతని మెడలో కండువా కప్పటానికి రాలేదు. ఎండ అంటే అతనికి ఇష్టం. అందులో దాచవలసింది ఏమీ లేదు. 1895లో వేసిన "మార్చి" చూడండి. కరుగుతున్న మంచు మీద నీలినీడలు, పసుపుపచ్చని గోడ మీద ఎండ, చెట్టు మీద పక్షుల కోసం కట్టిన చిన్న కర్రగూడు. ఇంటి ముందు బండి కట్టిన గుర్రం నిలబడి ఉన్నది. తలుపు తెరిచి ఉన్నది. ఎవరో ఇప్పుడే లోపలికి వెళ్లారు. ఇప్పుడే బయటికి వస్తారు. గుర్రం చెవులు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇందులో రాజకీయం లేదు, నిజమే. కానీ మనిషి లేని ప్రకృతి ఇదేనా? ఆ గుర్రాన్ని సాకినవాడూ, ఆ గూడు కట్టినవాడూ, ఆ తలుపు తీసినవాడూ లేకపోతే ఆ బొమ్మలో మిగిలేది ఏమిటి? వసంతం వచ్చిందన్న సంతోషం చలికాలమంతా వణికినవాడిది. అది మంచుది కాదు, ఎండది కాదు.

వీళ్లకు ఇంకా పెద్ద ఆధారం 1894 నాటి "శాశ్వత ప్రశాంతి పైన". పేరులోనే ప్రశాంతి ఉన్నదాయె! మహాజలరాశి, దాని మీద బరువెక్కిన ఆకాశం. మనిషి ఎంత అల్పుడో, ప్రకృతి ఎంత అనంతమో చెప్పే బొమ్మ అని వ్యాఖ్యానించని వాడు లేడు. కాదనను. కానీ ఎడమ మూల చూడండి. కొండకొమ్ము మీద ఒక చిన్న చెక్క చర్చి, దాని వెనుక శ్మశానంలో గాలికి ఒరిగిన శిలువలు, చర్చి కిటికీలో నలుసంత దీపం. ఆ దీపాన్ని ఎవరో వెలిగించారు. ఆకాశం ఎంత పెద్దదో తెలియటానికి ఆ నలుసు కావలసి వచ్చింది. దీపం తీసివేస్తే అనంతం కూడా పోతుంది. మిగిలేది వాతావరణ సూచన.

* * *

మనిషి కనపడని బొమ్మలన్నీ మంచివని నేను చెప్పటం లేదు. అలా చెబితే మిత్రుడి ముద్రకు బదులు నేనొక ముద్ర తయారు చేసినట్లవుతుంది.

బొమ్మలో మనిషి లేకపోవటం రెండు రకాలు. ఒకటి, మనిషిని జ్ఞాపకం పెట్టుకున్న శూన్యం. రెండోది, మనిషిని తుడిచివేసిన శూన్యం. లెవితాన్‌ది మొదటిది. రెండోది కావాలంటే దూరం పోనక్కరలేదు. పాపికొండల విహారయాత్రల ప్రకటనలు చూడండి. నీలినీళ్లు, పచ్చకొండలు, పైన తెల్లమబ్బు. ఎంత వెదికినా ఒక పోడు చెక్క కనపడదు, ఒక గుడిసె పొగ కనపడదు. ఆ కొండల్లో కోయలూ కొండరెడ్లూ ఎన్నడూ బతకనట్టే ఉంటుంది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే లక్షకు పైగా కుటుంబాలను కదిలించే ప్రాజెక్టు ఆ నది మీద కడుతున్నారు. దేవీపట్నం మండలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ప్రాజెక్టు మంచిచెడ్డలు ఈ వ్యాసానికి విషయం కాదు. కానీ ప్రకటనలోని ఆ నిర్మానుష్యం అమాయకమైనది కాదు. మనుషుల్ని కొండ నుంచి తరలించే ముందు బొమ్మ నుంచి తరలిస్తారు. ఇళ్లస్థలాల వ్యాపారులు ముద్రించే రంగుల కాగితాలలో కూడా ఇదే కథ. అక్కడ మొన్నటిదాకా వరి కోసినవాడి జాడ ఉండదు.

ఈ రెండు శూన్యాలనూ వేరు చెయ్యటమే విమర్శకుడి పని. దానికి తలలు లెక్కపెడితే సరిపోదు. నేలను చదవాలి. బాట ఎందుకు అలా వంగింది? గట్టు ఎవరు వేశారు? చెట్టు కొమ్మ ఎందుకు నరికి ఉంది? రేవులో మెట్టు ఎందుకు అరిగింది? ఈ ప్రశ్నలకు బొమ్మ జవాబు చెబుతున్నదా, లేక అసలు ప్రశ్నే పుట్టకుండా రంగు పూస్తున్నదా? మన రైతుకు ఈ చదువు వచ్చు. పొలం చూసి అది ఎవరిదో, ఎన్నేళ్లుగా దున్నుతున్నారో, ఈ ఏడు కౌలుకిచ్చారో లేదో చెబుతాడు. మన విమర్శకులకే రాలేదు.

ఇంకొక అభ్యంతరం మిగిలింది. అది నిజాయితీ గల అభ్యంతరం గనుక దాటవెయ్యను. "పేరు తెలియనివాడికి వ్లదీమిర్కా ఉత్త రోడ్డే గదా? చరిత్ర తెలిసినవాడికే తెలిసే బొమ్మ ప్రజల బొమ్మ ఎలా అవుతుంది?" నిజమే, పేరు తెలియాలి. కానీ ఆ రోడ్డు పేరు తెలియనివారు ఆనాటి రష్యాలో ఎవరు? ప్రజలకే బాగా తెలుసు. వాళ్ల కొడుకులే దాని మీద నడిచారు. పెద్దమనిషికి తెలియని చరిత్ర ప్రజలకు తెలియదని మనం ఎందుకు అనుకోవాలి? ఆ కుర్రవాడి బొమ్మను ముంపు ఊళ్లవారి కాలనీకి తీసుకుపోయి పెట్టండి. పిడికిళ్లు లేకపోయినా వాళ్లకు తెలుస్తుంది. తెలియనివారు దూరపు పాఠకులు, దూరపు కాలంవారు. వాళ్లకు చెప్పటానికే విమర్శకుడున్నాడు. చెప్పవలసినవాడు చెప్పటం మాని, బొమ్మనే అన్నీ అరిచి చెప్పమంటే ఎలా?

* * *

మళ్లీ ఆ కుర్రవాడి దగ్గరికి వస్తాను.

మిత్రుణ్ణి ఇంతగా అన్నాను గనుక నా సంగతి కూడా చెప్పుకోవాలి. మొదటి ప్రదర్శన నాడు నేను ఆ బొమ్మ ముందు అరగంట నిలబడ్డాను గదా, మరి కుర్రవాడితో ఏం మాట్లాడాను? ఏమీ మాట్లాడలేదు. మిత్రుడి మాట విన్నాను, తప్పనిపించింది, పెద్దవాడు గదా అని ఊరుకున్నాను. ఆ పిడికిళ్లలో ఒకటి నేను వేసినట్టే లెక్క.

రెండో ప్రదర్శన నాడు అడిగాను. "బాబూ, మొదటి బొమ్మలో ఒక నడికొప్పు ఉండాలి, అది ఎవరి ఇల్లు?" అని. అతని ముఖం మారింది. అది వాళ్ల నాయనమ్మ ఇల్లట. కొత్త కాలనీకి పోయే ముందు ఆమె ఇల్లంతా అలికి, ముగ్గు పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని బయలుదేరిందట. ఇప్పటికీ ఆ తాళంచెవి ఆమె దగ్గరే ఉన్నదట. "ఆ బొమ్మ చూసి ఆవిడ ఏమన్నది?" అన్నాను. "ఏమీ అనలేదండి. నీళ్లు తగ్గాయా అని అడిగింది" అన్నాడు.

ఆ ముసలమ్మ బొమ్మను చదవగలిగింది. చదువుకున్న మనం చదవలేకపోయాం.

మొదటి బొమ్మ ఏమయిందని అడిగాను. ఆ కాన్వాసు మీదే ఈ పదిమందినీ వేశానన్నాడు. కొత్త కాన్వాసు కొనే డబ్బులు లేవు.

కాబట్టి మన పత్రికలకూ మన సభలకూ నేను చెప్పుకునేది ఒక్కటే. ఇకముందు ప్రకృతి చిత్రం ముందు నిలబడినప్పుడు "మనుషులేరీ?" అని చిత్రకారుణ్ణి అడిగే ముందు, ఆ నేల మీద వాళ్ల జాడ కోసం మనం ఒకసారి వెదకాలి. వెదికితే లేకపోతే అప్పుడు నిలదీద్దాం. ఆ నిలదీయటంలో నేనూ ఉంటాను. ఆ కుర్రవాడికి ఒక కాన్వాసు బాకీ ఉన్నాం. అది మాత్రం ముందు తీర్చాలి.